లిఫ్ట్ ఎవరెక్కుతారు బావగారూ

కృష్ణానగర్, హైదరాబాద్
10 జూన్ 2024

తణుకు బావగారు బుల్లబ్బాయి గారికి,

ఐలయ్య నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. మీరూ, చెల్లెమ్మ రాజమ్మా బాగున్నారని అనుకుంటున్నాను. చెల్లెమ్మ కాలి నొప్పి పూర్తిగా తగ్గిందని మా కోడలు దివ్యశ్రీ చెప్పింది. సంతోషం.

మనిద్దరం ఇకమీద ఫోనులో మాట్లాడుకోకూడదని మీ అమ్మాయీ మా అబ్బాయీ కలిసి తీర్మానం చేశారు. మొన్న నా అరుపులకు పక్కింటి వాళ్ళు తలుపు కొట్టారు. "నువ్వు, మామ కాయితం మీద కొట్లాడుకోండ్రి నాయినా, కాయితం మీద అరుపు రాదు" అన్నాడు అభిలాష్. వస్తుందో రాదో చూద్దాం.

విషయం అద్దాలు. అమీర్‌పేటలో మా పాత ఇల్లు కూల్చి కొత్తది కడుతున్నది రెండు కుటుంబాల సొమ్ముతోనే, కాదనను. కింద ముందువైపు దివ్యశ్రీ ఫిజియోథెరపీ క్లినిక్, వెనక నాకూ చిలకమ్మకూ వాటా, పైన పిల్లల కాపురం. ఇంతవరకు మనకు పేచీ లేదు. కానీ మీరు పంపిన బొమ్మలో ఇంటి ముందు భాగమంతా నీలం అద్దమే. ఆ గోడ పడమటి వైపు ఉంది బావగారూ! మధ్యాహ్నం ఎండంతా లోపలికొస్తుంది. ఆ వేడిని చల్లార్చడానికి ఏసీ, ఏసీకి కరెంటు, మెట్రో కింద లేచే దుమ్ము తుడవడానికి తాడు కట్టుకుని వేలాడే మనిషి. అద్దం మీరు ఒక్కసారి కొంటారు. దాన్ని మేము ఇరవై ఏళ్ళు సాకాలి.

ముప్పై ఏళ్ళు సోమాజిగూడలో ఒక పెద్ద ఆసుపత్రి భవనాన్ని కనిపెట్టుకుని ఉన్నవాణ్ణి. అక్కడ ముఖద్వారంలో దాత ఒకాయన పెద్ద గాజు దీపాల గుత్తి వేలాడదీయించాడు. ఆయన వెళ్ళిపోయాడు. బల్బు మార్చాలంటే పరంజా కట్టాలి, పరంజా కడితే రోగులకు దారి ఉండదు. చివరికి దాన్ని పావురాలకు వదిలేశాం. అందుకే నేను ఏ వస్తువు చూసినా ఒకటే అడుగుతాను. ఇరవయ్యో ఏట దీన్ని ఎవరు తుడుస్తారు, ఎవరు బాగు చేస్తారు, అసలు ఎవరు వాడతారు?

కాబట్టి అద్దం వద్దు. ఫాల్స్ సీలింగ్ వద్దు, పైన నీళ్ళు కారుతుంటే కనపడకుండా దాచడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదు. కింద గదులకు గడపలు కూడా వద్దు. చక్రాలున్న ఏ బండి వెళ్ళినా ముందు గడప పగులుతుంది, తర్వాత బండి పగులుతుంది.

ఇంకో సంగతి. ఈ కిరాయి ఇంట్లో మా పైవాటాలో సినిమాల్లో పెళ్ళికూతురి తండ్రి వేషాల కోసం తిరిగే పెద్దమనిషి ఉన్నాడు. పొద్దున్నే "మా అమ్మాయిని మీ చేతుల్లో పెడుతున్నాను బావగారూ" అని గొంతు చించుకుంటాడు. మీరే వచ్చారేమోనని రోజూ ఉలిక్కిపడి లేస్తున్నాను.

మీ
ఐలయ్య


తణుకు
22 జూన్ 2024

బావగారికి, చెల్లెమ్మ చిలకమ్మకు,

బుల్లబ్బాయి నమస్కారాలు, ఆశీస్సులు. కాగితం మీద అరుపు రాదని మా అల్లుడు పొరపాటు పడ్డాడండి. మీ ఉత్తరం రెండో పేజీ మా వీధి చివరిదాకా వినపడింది.

అద్దం వద్దన్నారు, మానేశాం. ఫాల్స్ సీలింగ్ మానేశాం. గడపలు వద్దన్నారు, సరే. కానీ ఒక్క మాట చెప్పనివ్వండి. మా వైపు ఆడపిల్ల గృహప్రవేశానికి పుట్టింటివాళ్ళు ఏదో ఒకటి పెట్టడం ఆనవాయితీ. అది సారె కింద లెక్క. నేను ఏది పెడతానన్నా మీరు పావురాల కథ చెబితే నేనేం పెట్టుకోవాలండీ? ఉత్తి చేతులతో రానా? కలప అడితి నడుపుకునే మనిషిని, కూతురికి ఒక తలుపు చేయించి పంపుతాను. దానికీ ఇరవై ఏళ్ళు చూస్తే మాత్రం నేనేం చేయలేను.

ఇంకొకటి అడుగుతాను. ఇంటికి లిఫ్ట్ పెట్టించండి. చిన్నదే, నలుగురు పట్టేది. మొత్తం ఖర్చు నాది. మెట్ల పక్కన చోటుంది, బొమ్మలో చూశాను. ఇది మాత్రం కాదనకండి.

రాజమ్మ బాగానే ఉంది. మీ అందరినీ అడిగానని రాయమంది. ఈ మధ్య పని ఎక్కువై ఫోను దగ్గరికి రావడం తగ్గించింది, అంతే.

మీ బావ
బుల్లబ్బాయి


కృష్ణానగర్
6 జూలై 2024

బావగారికి,

నమస్కారాలు. లిఫ్టా?

రెండు సార్లు చదివాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. మనం కడుతున్నది కింద ఒకటి, పైన ఒకటి. ఒక్క మెట్ల వరస. దానికి లిఫ్ట్! పంజాగుట్ట చౌరస్తాలో షాపింగ్ మాల్ కడుతున్నామని ఎవరైనా చెప్పారా మీకు?

లిఫ్ట్ సంగతి నాకు చెప్పకండి, నేను లిఫ్టులతోనే ముసలివాణ్ణయ్యాను. కొనేటప్పుడు కంపెనీ వాడు టీ ఇస్తాడు. ఆ తర్వాత ఏడాదికొకసారి మరమ్మతు కాంట్రాక్టు అంటాడు, అది లేకపోతే ఫోను ఎత్తడు. తాళ్ళు అరుగుతాయి, తలుపు ఇరుక్కుంటుంది, కరెంటు పోతే మధ్యలో ఆగుతుంది, దానికి బ్యాటరీ, ఆ బ్యాటరీ మూడేళ్ళకు చస్తుంది. లిఫ్ట్ కింద తవ్వే గుంతలోకి వాన నీళ్ళు దిగితే మోటారు పెట్టి తోడాలి. పదిహేనేళ్ళకు మొత్తం పీకేసి కొత్తది పెట్టమంటాడు. దాని బతుకంతా కలిపి చూస్తే మీరు కొనిచ్చేది పిల్లికి మొదటి రోజు పోసిన పాలు. తెచ్చినవాళ్ళు దండం పెట్టి పోతారు, జీవితాంతం సాకేది మేము.

అసలు ఎవరెక్కుతారు బావగారూ? పిల్లలిద్దరికీ కాళ్ళు గట్టిగా ఉన్నాయి. రోగులు కిందే ఆగుతారు. నాకు మోకాళ్ళు లేవు కాబట్టే ముందుచూపుతో నా గది కింద పెట్టుకున్నాను. ఇక మిగిలింది మీ చుట్టాలు. గృహప్రవేశానికి వచ్చి, ఎక్కి, దిగి, "బుల్లబ్బాయి కూతురింటికి లిఫ్ట్ ఉంది" అని తణుకు వెళ్ళి చెప్పుకోవడానికైతే ఆ ముచ్చటకు ఇరవై ఏళ్ళ ఖర్చు నేను మోయను.

మెట్ల పక్కన ఆ చోటులో స్టోర్ గది వేస్తున్నాను. దానికి నూనె పెట్టక్కర్లేదు.

గడపల విషయంలో మీరు ఒక్క మాట కూడా అనకపోవడం మాత్రం నాకు ఆశ్చర్యంగా ఉంది. అడితి ఉన్న మనిషి, టేకు గడప వద్దంటే పేజీలకు పేజీలు తిడతారనుకున్నాను. చిలకమ్మ అడుగుతోంది, "గడప లేని ఇంట్ల లచ్చిమి ఏడ కూసుంటది? జర అన్ననన్నా అడుగు" అని. మీరు నా పక్షమని చెప్పేసరికి మీ మీద కూడా అలిగింది.

మీ
ఐలయ్య


తణుకు
18 జూలై 2024

ఐలయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. తెచ్చినవాళ్ళు దండం పెట్టి పోతారు, జీవితాంతం సాకేది మేము అని రాశారు. చదువుకున్నాను. రాజమ్మకు వినిపించలేదు.

మేము మీ ఇంటికి తెచ్చి ఇచ్చింది లిఫ్ట్ ఒక్కటే కాదండి. ఇరవై ఆరేళ్ళు పెంచిన పిల్లని కూడా తెచ్చి ఇచ్చాం. దండం పెట్టే వచ్చాం. దాన్ని సాకడం మీకు భారంగా ఉందని ముందే చెప్పుంటే బాగుండేది. అది చదువుకుంది, తన సంపాదన తనకుంది, ఒకరు సాకక్కర్లేదు.

లిఫ్ట్ మరమ్మతులకు ఏడాదికొకసారి అయ్యేది కూడా నేనే పంపుతాను. ఇరవై ఏళ్ళదీ ఒకేసారి బ్యాంకులో వేయమంటే వేస్తాను. కరెంటు బిల్లు కూడా పంపండి. ఇంతకంటే ఒక ఆడపిల్ల తండ్రి ఏం చెప్పగలడు? లిఫ్ట్ పెట్టండి.

మా చుట్టాలు మీ లిఫ్ట్ ఎక్కరు. ఆ ఫికర్ వద్దు. చూశారా, మీ మాటే వాడాను, మీకు అర్థం కావాలని.

ఇట్లు
బుల్లబ్బాయి


కృష్ణానగర్
1 ఆగస్టు 2024

బావగారికి,

నమస్కారాలు. నేను లిఫ్ట్ గురించి రాస్తే మీరు అమ్మాయి గురించి చదివారు. ఆ వాక్యం అభిలాష్‌కు చూపించాను. "నాయినా, గిది మెషిన్ గురించే గానీ మామ కోణంకెల్లి సదివితే నాకే గుండెల కలుక్కుమంటుంది" అన్నాడు. సరే, వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. దివ్యశ్రీ ఈ ఇంట్లో నా మాట వినని మనుషుల్లో మొదటిది, నాకు టీలో చక్కెర తగ్గించింది, నా మోకాళ్ళకు రోజూ పొద్దున వ్యాయామం చేయించి ఏడిపిస్తుంది. ఆ పిల్ల లేకపోతే ఈ ఇల్లు నడవదు. ఇది మీకు తెలియదనుకోలేదు.

కానీ మీరు రాసింది నాకూ గుచ్చుకుంది. కరెంటు బిల్లు పంపమంటారా? నేనేమైనా చేయి చాచానా? లేక, నా ఇంట్లో దీపం వెలగాలంటే తణుకు నుంచి రావాలా? ఎప్పుడూ ఖర్చు ఎవరిదని కాదు నేను అడిగేది, అవసరం ఎవరిదని. అవసరం లేని వస్తువుకు నా డబ్బు దండగే, మీ డబ్బూ దండగే. ఈ చిన్న మాట రెండు నెలలుగా రాస్తున్నాను, మీరు లిఫ్ట్ లిఫ్ట్ అని ఒకటే పాట. ఎందుకో ఒక్కసారి కూడా చెప్పరు.

ఈ నెల ఇరవైన స్లాబ్ పోస్తారు. మేస్త్రీ సాబిర్ ఇవాళ నన్ను నిలదీశాడు. "సాబ్, లిఫ్ట్ ఉందా లేదా ఇప్పుడే చెప్పుండ్రి. స్లాబ్ పోసినంక బొక్క కొట్టమంటే నాతోని కాదు" అన్నాడు. లేదని చెప్పాను. మీరు పోయిన ఉత్తరంతో పంపిన లిఫ్ట్ కంపెనీ పుస్తకం దీంతో పాటు తిప్పి పంపుతున్నాను.

పై వాటా పెద్దమనిషికి ఇంకా వేషం దొరకలేదు. ఇవాళ పొద్దున చిలకమ్మ ఉండబట్టలేక పైకి చూసి, "పెట్టినవు గదా చేతుల్ల, ఇగ ఊకో!" అని కేకేసింది.

మీ
ఐలయ్య


తణుకు
9 ఆగస్టు 2024

ఐలయ్య గారికి,

మీ ఇల్లు, మీ ఇష్టం.

తలుపు తయారైంది. మంచి టేకు, చెద పట్టదు. గడప లేకుండానే చేయించాను. మా హాల్లో గోడకి ఆనించి ఫొటో తీయించి ఇందులో పెట్టాను. లారీలో వస్తుంది.

గృహప్రవేశానికి నేనొక్కణ్ణే పొద్దున్నే వచ్చి తిరిగి వెళ్ళిపోతాను. రాజమ్మకు తీరిక ఉండదు. దివ్యశ్రీకి మేం సర్ది చెప్పుకుంటాం, మీరు కల్పించుకోనక్కర్లేదు.

బుల్లబ్బాయి


కృష్ణానగర్
16 ఆగస్టు 2024

బావగారూ,

తలుపు బాగుందో లేదో నేను చూడలేదు. తలుపు పక్కన మీ పడకగది వాకిలి చూశాను.

ఆ వాకిలికి గడప ఉండేది. రెండు చివర్లా ముక్కలు మిగిలాయి, వాటి మీద పసుపు కూడా ఉంది. మధ్యలో నేలకు సమంగా రంపంతో కోసేశారు. పసుపు రాసి బొట్లు పెట్టిన గడపను ఏ ఇంట్లోనూ ఊరికే కోయరు. అడితి ఉన్నవాడు అసలు కోయడు. నేను సోమాజిగూడలో వార్డు తర్వాత వార్డు గడపలు తీయించినవాణ్ణి, ఎందుకు తీయిస్తారో నాకు తెలుసు. చక్రాల కుర్చీ పోవడానికి.

వాకిలిలోంచి లోపల మంచం కనపడుతోంది, దాని పక్కన గోడకు పైపు బిగించి ఉంది, పట్టుకుని లేవడానికి. ఏ మహానుభావుడు బిగించాడు దాన్ని? అంత చిన్న మేకులా! సున్నం గోడకా! మనిషి బరువు పడితే ఊడి చేతికి వస్తుంది. ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు దాన్ని పీకించి, గోడలో లోతుగా పొడుగు బోల్టులు దింపించండి. తర్వాత మిగతాది చదవండి.

చదువుతున్నారా? ఇప్పుడు చెప్పండి, నా చెల్లెలికి ఏమైంది?

నాకు ఒళ్ళు మండిపోతోంది బావగారూ. ఎవరెక్కుతారు, ఎవరెక్కుతారు అని అన్నిసార్లు అడిగాను. మీరు సారె అన్నారు, ఆనవాయితీ అన్నారు, బ్యాంకులో వేస్తానన్నారు. ఒక్క పేరు రాస్తే సరిపోయేది. ఒక్క పేరు! ఇరవై ఏళ్ళ ఖర్చు వేసుకున్నాను గానీ, ఎక్కే మనిషి లేరని తేల్చేశాను నేను. తప్పు అంకెతో మొదలుపెడితే ఎంత జాగ్రత్తగా కూడినా ఏం లాభం?

ఫొటో చూసి కోపంతోపాటు ఏడుపు కూడా వచ్చింది. చిలకమ్మ ఆ గడప ముక్కలు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దివ్యశ్రీకి ఇంకా చూపించలేదు. స్లాబ్ ఆపించాను. సాబిర్ నెత్తి కొట్టుకున్నాడు, కొట్టుకోనివ్వండి. వెంటనే జవాబు రాయండి.

మీ
ఐలయ్య


తణుకు
24 ఆగస్టు 2024

బావగారికి,

నమస్కారాలు. పైపు మార్పించాను. మీరు చెప్పినట్టే పాతది లాగగానే ఊడొచ్చింది.

ఏప్రిల్లో రాజమ్మ స్నానాల గదిలో జారిపడిన సంగతి మీకు తెలుసు. తుంటి ఎముకకు ఆపరేషన్ చేసినప్పుడు దివ్యశ్రీ వచ్చి చూసి వెళ్ళింది. రెండు నెలల్లో నడుస్తుందన్నారు డాక్టర్లు. ఎముక అతుక్కుంది గానీ మనిషికి భయం పట్టుకుంది. కాలు నేల మీద పెట్టదండి. వ్యాయామం చేయించడానికి వచ్చినవాళ్ళు చేయి పట్టుకుంటే కేకలు పెట్టి ఏడుస్తుంది. కుర్చీకే అలవాటు పడిపోయింది. అమ్మాయి వీడియోలో "లేచి నడువు, చూస్తాను" అంటే, సిగ్నల్ లేదని నేనే ఫోను కట్టేసేవాణ్ణి. నిజం తెలిస్తే అది క్లినిక్ వదిలేసి ఇక్కడికి పరుగెత్తుకొస్తుంది. పంజాగుట్టలో అద్దె గదిలో ఇన్నాళ్ళు అవస్థ పడి ఇప్పుడే సొంతంగా నిలబడుతోంది కదా.

లిఫ్ట్ అడిగింది ఒక్కరోజు కోసమే బావగారూ. వంటిల్లు పైన ఉంది. గృహప్రవేశం నాడు పాలు పొంగించేటప్పుడు కన్నతల్లి పక్కన ఉండాలని ఆవిడ కోరిక. మెట్ల మీద నలుగురు మోసుకెళ్తే ఒప్పుకోదు, సిగ్గుపడి చచ్చిపోతుంది. అలాగని కింద కుర్చీలో కూర్చుని పైన సందడి వినమనలేను. ఒక్క రోజుకి ఇరవై ఏళ్ళ ఖర్చా అని మీరు నన్ను తిట్టవచ్చు. తిట్టండి.

ముందే ఎందుకు చెప్పలేదంటే, చెప్పాక మీరు తప్పకుండా ఇక్కడికొచ్చి ఉండండి అంటారు. మీ సంగతి నాకు తెలుసు. మా వైపు కూతురు కాపురం చేసే ఇంట్లో తల్లిదండ్రులు మకాం పెట్టరండి. ఒక పూట భోజనం చేసినా మొహమాటమే. మా నాన్న నా అక్క ఇంట్లో మంచినీళ్ళు కూడా ఆలోచించి తాగేవాడు. నాకు ఆ చాదస్తం పోలేదు. కాబట్టి ఆ మాట మాత్రం అనకండి.

మీ బావ
బుల్లబ్బాయి


కృష్ణానగర్
2 సెప్టెంబర్ 2024

బావగారికి,

నమస్కారాలు. అనను. వచ్చి ఉండమని నేను మిమ్మల్ని పిలవడం లేదు.

నా ఇంట్లో కింది వెనక వాటా కిరాయికి ఉంది. క్లినిక్‌కు ఆనుకుని గది, వంటగది, వెడల్పు తలుపు, గడప లేదు. తడిసినా జారని రాళ్ళు, స్నానాల గదిలో నేను దగ్గరుండి బిగించే పట్టుకునే కమ్ములు. అద్దె నెల మొదట్లో ఇవ్వాలి. నీళ్ళు వృథా చేస్తే ఒప్పుకోను. గోడలకు మేకులు కొట్టేముందు నన్ను అడగాలి, మీ మేకుల సంగతి చూశాను. ఇష్టమైతే చెప్పండి. అమీర్‌పేటలో వాటా ఖాళీగా ఉందంటే చాలు, కోచింగ్ పిల్లలు బ్యాగులతో వరస కడతారు.

కిరాయి కట్టేవాడు అల్లుడింట్లో మకాం పెట్టినట్టు కాదు. కిరాయిదారు. అద్దె కట్టిన ఇంట్లో మంచినీళ్ళు ఎన్నైనా తాగొచ్చు. మీ నాన్నగారు కూడా దీనికి అడ్డు చెప్పరు.

దివ్యశ్రీకి చెప్పేశాను. నన్ను తిట్టింది, అభిలాష్‌ను తిట్టింది, మిమ్మల్ని ఏమన్నదో రాయను. తర్వాత సంచి సర్దుకుంది. ఈ ఉత్తరం కంటే ముందే మీ గుమ్మంలో ఉంటుంది. రోజూ ఎందరి అమ్మలనో నడిపించే పిల్ల బావగారూ, దాని దగ్గరా మీరు దాచింది!

ఇల్లు కట్టేటప్పుడు మనిషి వయసు కూడా చూసుకోవాలని ముప్పై ఏళ్ళు అందరికీ చెప్పాను. చిలకమ్మ ఏమందో వినండి. "నీ మోకాళ్ళ కోసం కింద రూమ్ ఏసుకున్నవు, మస్తు తెలివి. ఇంకొగల్ల కాళ్ళు సుత యాద్ జెయ్యాలె గద" అంది. ఆవిడ ఇంకో నెల అంటూనే ఉంటుంది, నేను వినాలి. మేము పైన పిల్లలతో సర్దుకుంటాం.

మీరు కింద ఉంటారు కాబట్టి లిఫ్ట్ గొడవ కూడా తీరింది. పాలు కిందే పొంగిద్దాం. పంతులుగారిని నేను ఒప్పిస్తాను.

మీ
ఐలయ్య
(ఇంటి యజమాని)


తణుకు
11 సెప్టెంబర్ 2024

ఇంటి యజమాని గారికి,

నమస్కారాలు. అమ్మాయి వచ్చింది. తల్లిని పట్టుకుని ఏడ్చింది, నన్ను పట్టుకుని తిట్టింది. మర్నాడు పొద్దున్నే రాజమ్మ రెండు కాళ్ళూ నేల మీద పెట్టించింది. మేం ఇన్ని నెలలు బతిమాలితే పెట్టని కాళ్ళు.

మీ వాటా ఖాయం చేసుకుంటున్నాం. కానీ ఒక షరతు. మీరు చెప్పిన మోకాళ్ళు మీవేనా? వాటితో మీరు పైన ఉంటారా? రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగుతారు? పాల ప్యాకెట్టుకి, పేపరుకి, మోటారు వేయడానికి, సాబిర్‌ని తిట్టడానికి? ఇరవయ్యో ఏట ఎలా ఎక్కుతారు? ఇప్పుడు నేను అడుగుతున్నానండి, మీరు జవాబు రాయండి.

గది మాకిచ్చి మిమ్మల్ని మెట్లెక్కించి నేను కింద కూర్చుంటే నాకు అన్నం సయించదు. లిఫ్ట్ లేని ఇంట్లో వాటా తీసుకోను. వేరే ఇల్లు చూసుకుంటాను.

కిరాయిదారు
బుల్లబ్బాయి


కృష్ణానగర్
18 సెప్టెంబర్ 2024

బావగారికి,

సాబిర్ స్లాబులో చోటు వదిలాడు. స్టోర్ గది పోయింది.

మరమ్మతు కాంట్రాక్టు సగం సగం. కాగితాలు నేను చదివాకే సంతకం. గుంతకు నీళ్ళు దిగకుండా చుట్టూ మొదట్లోనే మందు పూయిస్తాను, తర్వాత ఏడవడం నావల్ల కాదు. లోపల అద్దం, పాటలు, నీలం లైట్లు పెట్టమన్నారో, ఆ కంపెనీ పుస్తకం ఈసారి చించి పంపుతాను.

పైవాటా పెద్దమనిషికి ఒక సీరియల్లో వేషం దొరికిందట. తండ్రి కాదు, జడ్జి. రేపటి నుంచి పొద్దున్నే తీర్పులు వినాలి.

ఐలయ్య


కింది వాటా, అమీర్‌పేట
20 జూలై 2025

యజమాని ఐలయ్య గారికి,

కింది వాటా కిరాయిదారు బుల్లబ్బాయి రాయునది. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేంటని అనుకోకండి. మెట్ల దగ్గర నిలబడి మాట్లాడుకుంటే మీరు అరుస్తారు, నేను అరుస్తాను, క్లినిక్‌లో పేషెంట్లు బెదిరిపోతారు. పిల్లల పాత తీర్మానమే మంచిది.

మా వంటింట్లో కుళాయి కారుతోంది. మీరు ఏరికోరి కొన్న కుళాయే. నేను ఇత్తడిది బంగారంలా ఉన్నది చూపిస్తే పావురాలకు పెట్టమన్నారు. ఇది ఇరవై ఏళ్ళు ఉంటుందన్నారు. ఏడాది కూడా నిండలేదండి. చుక్క చుక్క పడుతుంటే నాకు ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను. అద్దె టంచనుగా కట్టేవాణ్ణి, రేపటిలోగా బాగు చేయించకపోతే ఈ నెల పట్టుకుంటాను.

లిఫ్ట్ విషయం కూడా రాయాలి. గృహప్రవేశం నాడు రాజమ్మ కుర్చీతో సహా అందులో పైకి వెళ్ళి పాలు పొంగడం చూసి దిగింది. నా ఒక్కరోజు ముచ్చట ఆ రోజుతో తీరిపోయింది. ఆ తర్వాత దాన్ని ఎక్కేది మీరేనని, ఎక్కిన ప్రతిసారీ కరెంటు మీటరు చూసి నిట్టూరుస్తారని చెల్లెమ్మ చెప్పింది. నిట్టూర్చండి, ఎక్కడం మాత్రం మానకండి.

ఈ ఉత్తరం నేను తీసుకురావడం లేదు. నేను తెస్తానన్నాను, వద్దంది. వెంట వస్తానన్నాను, గుమ్మంలోనే ఆపేసింది. దివ్యశ్రీ క్లినిక్ తలుపు సందులోంచి చూస్తోంది గానీ అది కూడా కదలడం లేదు. చక్రాల కుర్చీ ఇక్కడే, నా పక్కనే ఖాళీగా ఉంది.

ఎవరెక్కుతారు బావగారూ అని కిందటేడు అడిగారు కదా. ఆవిడ లిఫ్టులో ఒక్కతే వచ్చి, ఈ ఉత్తరం మీ తలుపు సందులోంచి వేసి బెల్ కొడుతుంది; చేతిలో కర్ర ఉంది కాబట్టి రెండోసారి నొక్కడం కష్టం. వెళ్ళి తలుపు తీయండి.

మీ బావ
బుల్లబ్బాయి